చల్లవొద్దు

"పేరు చెప్పండి."

"మల్ల అడుగుతున్నవా అమ్మా? నేనేమన్న కొత్తోన్నా?"

"మీరెవరో నాకు తెలుసు. అయినా మీ నోటితోనే చెప్పాలి."

"జిలానీ."

షాలేమ్ ఆ పేరును మందు సంచి మీద అంటించిన పేరుతో సరిచూసుకుంది. పక్కన నిలబడ్డ సుకన్య మరోసారి పైకి చదివింది. పేరు, వయసు, మందు, మోతాదు. చదవడం ఇద్దరు, పెట్టడం ఒకరు. కీమో వార్డులో అది నియమం. షాలేమ్ గ్లౌజుల మీద గ్లౌజులు తొడుక్కుని, వెనక ముడివేసే నీలం గౌనులో చెమటలు కక్కుతూ, జిలానీ చేతిని తన వైపు తిప్పుకుంది. ముందు ఉత్త గ్లూకోజు వదిలింది. సూది నరంలోనే ఉందని నమ్మకం కుదిరాక అసలు మందు తగిలించింది. చూడ్డానికి మంచినీళ్లలా ఉంటుంది ఆక్సాలిప్లాటిన్. రంగు లేదు, వాసన లేదు. పక్క కుర్చీలో ఎర్రమందు ఎక్కించుకునేవాళ్లకు ఉండే భయం దీన్ని చూస్తే ఎవరికీ కలగదు.

"చేతి దగ్గర మంట పుట్టినా, బిగదీసినా వెంటనే పిలవండి. చల్లకొచ్చి ముంత దాచొద్దు."

ఈ సామెత ఆమె రోజుకు ఎన్నిసార్లు వాడుతుందో ఆమెకే తెలియదు. జబ్బు నయం చేయించుకోవడానికి వచ్చి జబ్బు సంగతులే దాచిపెట్టే జనం మధ్య ఉద్యోగం ఆమెది. కాళ్లు తిమ్మిరెక్కితే చెప్పరు. నోరు పూసినా చెప్పరు. చెబితే డాక్టరు సూది ఆపేస్తాడని వాళ్ల భయం, చెప్పకపోతే మనిషే ఆగిపోతాడని ఈమె భయం. జిలానీ తల ఊపాడు. ఆయన భార్య హనీఫా ఆయనకంటే గట్టిగా ఊపింది. గట్టిగా తల ఊపేవాళ్లను నమ్మకూడదని షాలేమ్ ఇన్నేళ్లలో నేర్చుకుంది కానీ, ఆ రోజు వార్డు నిండా మనుషులు.

షాలేమ్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బాపట్ల దగ్గరి ఊరు. తండ్రి మిషను బడిలో పంతులు. నర్సింగు చదవడానికి సికింద్రాబాద్ వచ్చి, ఆ చదువు అయ్యాక తిరిగి వెళ్లడానికి కారణం కనిపించక ఇక్కడే ఉండిపోయింది. భర్త జెఫ్రీ ఒక స్కూల్లో గుమాస్తా. బోయిగూడలో రెండు గదుల అద్దె ఇల్లు. పిల్లలు లేరు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. ఆస్పత్రి వాళ్లు ఏటా ఉత్తమ నర్సుకు శాలువా కప్పుతారు. షాలేమ్ ఆ సభలో కుర్చీలు సర్దుతుంది, అయిపోయాక సమోసాలు పంచుతుంది. దానికామె బాధపడుతుందా అంటే అదీ లేదు. నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బాయి. వాటికే ఒక శాలువా చుడితే బాగుణ్ణని సుకన్యతో నవ్వుతూ అంటుంది.

ఆమెను నిజంగా కుంగదీసేది ఖాళీ కుర్చీ. చనిపోయినవాళ్ల కుర్చీ కాదు. చావును ఆమె ఎంతో కొంత అలవాటు చేసుకుంది. సగం సూదులు వేయించుకుని, మిగతా సగానికి రాకుండా పోయినవాళ్ల కుర్చీ. ఈ మధ్య అలా పోయినవాడు బన్సీలాల్‌పేట్ ఇస్త్రీ పేతురు. ఇదే మందు, ఇదే వరుస. స్కాను కూడా బాగా వచ్చింది. గడ్డ కుంచించుకుపోతోందని డాక్టర్ హేమచంద్ర ఆ ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి మరీ చూపించాడు. ఆ తర్వాత పేతురు ఒక్కసారి వచ్చాడు, అంతే. ఫోను చేస్తే భార్య ఎత్తి, ఆయన రానంటుండు సిస్టరమ్మా అంది. ఒప్పించండమ్మా అంటూ ఉండగానే ఇక్కడ ఎవరి మిషనో కూత పెట్టింది. షాలేమ్ ఫోను పెట్టేసి అటు పరిగెత్తింది. మళ్లీ చేద్దామనుకుంది. అనుకోవడం దగ్గరే ఆగిపోయింది.

ఈ మందుకు ఒక చిత్రమైన గుణం ఉంది. ఎక్కించాక కొన్నాళ్లపాటు ఒంటికి చల్లదనం పడదు. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లలో ముళ్లు గుచ్చుకుంటాయి. చన్నీళ్లు తాగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడనట్టు ఉంటుంది. నిజానికి ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఆడట్లేదని అనిపిస్తుందంతే. ప్రాణానికి ముప్పేం లేదు. గోరువెచ్చని నీళ్లు తాగి కాసేపు కూర్చుంటే పోతుంది. కానీ ముందుగా తెలియనివాడికి అది చావే.

ఆ వార్డుకు వచ్చిన కొత్తలో షాలేమ్ ఇదంతా ప్రతి మనిషికీ కూర్చోబెట్టి చెప్పేది. ఫ్రిజ్ సంగతి, ఐసు సంగతి, ఏసీ గాలి, పొద్దున్నే చన్నీళ్లతో మొహం కడుక్కోవడం. తర్వాత తర్వాత మనుషులు పెరిగారు, నర్సులు తగ్గారు. అంత పెద్ద సంగతి రోజూ వాడే సబ్బులా అరుగుతూ వచ్చి చివరికి మూడు ముక్కలు మిగిలింది. "చల్లవొద్దు. జ్వరమొస్తే రాత్రైనా రండి. వాంతుల మాత్ర మానొద్దు." సూది తీసి దూది అదుముతూ చెబుతుంది. వాళ్లు తల ఊపుతారు. మళ్లీ వచ్చినప్పుడు "చల్ల మానేశారా?" అని అడుగుతుంది. మానేసినం అంటారు. అందరూ మానేస్తున్నారు కదా అని ఆమె ధీమా.

మధ్యాహ్నానికి ఎండ కిటికీ అద్దాలను కాల్చేస్తోంది. అవతల స్టేషన్‌లోకి వచ్చే రైలు కూత వినిపించింది. షాలేమ్ మూల కుర్చీలో ఒక ముసలామెకు దుప్పటి సర్దుతోంది. వెనక నుంచి హనీఫా కేక.

"మేడం! మేడం, మా ఆయన్ని చూడుండ్రి!"

జిలానీ రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. కళ్లు తేలేశాడు. నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడుతున్నాడు. షాలేమ్ చేయి ఆమె ఆలోచన కంటే ముందే వెళ్లి మందు ఆపేసింది. నాలుగైదు సూదులు సుఖంగా పడ్డాక కూడా ఈ మందు హఠాత్తుగా ఒంటికి పడకపోవచ్చు. అలా పడకపోతే నిమిషాల్లో మనిషి చేజారిపోతాడు. ఆమె ఇదివరకు ఒకసారి చూసింది. ఇంకోసారి చూడదలచుకోలేదు.

"సుకన్యా, సార్‌ని పిలువు! ఆక్సిజన్ ఇటు తీసుకురా!"

వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టింది. చొక్కా పైకెత్తి పొట్టా ఛాతీ చూసింది. దద్దుర్లు లేవు, పెదవులు వాయలేదు. బీపీ బాగానే ఉంది. క్లిప్పు అంకె కూడా నిక్షేపంగా ఉంది. ఇంత పెనుగులాడుతున్న మనిషికి అంత మంచి అంకె ఎలా ఉంటుంది? అప్పుడు కుర్చీ కింద ఆమె కాలికి ఏదో తగిలింది. గేటు బయట బండివాడు అమ్మే ప్లాస్టిక్ గ్లాసు. ఒలికిపోయిన నిమ్మ షర్బత్‌లో సగం కరిగిన ఐసు ముక్కలు.

"ఏమిచ్చారమ్మా ఈయనకి?"

హనీఫా చేతులు జోడించింది. "నేనేం తప్పు చెయ్యలే మేడం. అల్లా మీద ఒట్టు, సల్ల ఇయ్యలే. ఎండకు నోరెండుతుందంటె షర్బత్ తెచ్చి ఇచ్చిన."

"ఇందులో ఐసుంది కదమ్మా! చల్లవొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"వద్దన్నరు, నేనెప్పుడిచ్చిన? సూదులు షురూ అయినకాడి నుంచి ఇంట్ల పాలు తోడేసుడే బంద్ చేసిన. పెరుగు లేకుంటె ఈయనకు ముద్ద దిగదు, అయినా పెట్టలే. సల్ల ఒక్క చుక్క ముట్టలే!"

అప్పుడే వచ్చిన డాక్టర్ హేమచంద్ర స్టెతస్కోపు పెట్టి విని, తల ఆడించి, "అలర్జీ కాదు, కోల్డ్ వల్లే. వార్మ్ వాటర్ ఇవ్వండి" అన్నాడు. సుకన్య ఫ్లాస్కులోంచి వెచ్చటి నీళ్లు పోసి పట్టించింది. గుక్క గుక్కకీ జిలానీ భుజాలు కిందికి దిగాయి. కాసేపటికి మాట వచ్చింది.

"గిట్లనే ఇంట్ల సుత అయింది, సార్. ఫ్రిజ్ల నీళ్లు తాగినప్పుడు. బీమారి గొంతులకు దిగిందనుకున్న. ఇయ్యాల్టి సూదితోని బస్, ఇగ రావొద్దు అనుకుని వచ్చిన."

"మరి మాకెందుకు చెప్పలేదండీ?" అంది షాలేమ్.

జిలానీ భార్య వైపు చూశాడు. హనీఫా తల దించుకుంది. "చెప్తె సూది ఆపుతరని నేనే చెప్పనియ్యలే, మేడం."

సుకన్య ముందు నవ్వింది. ఆమెది జనగామ. "అక్కా, మా దిక్కు సల్ల అంటే మజ్జిగ కదా! నువ్వు వద్దన్నది చల్లటివి, వీళ్లు మానింది మజ్జిగ." డాక్టరు కూడా నవ్వాడు. చుట్టుపక్కల కుర్చీల్లో విషయం పాకి, అక్కడక్కడా నవ్వులు లేచాయి. నవ్వడానికి ఏ కారణం దొరికినా వదులుకోని చోటు అది. మందు వేగం తగ్గించి మళ్లీ మొదలుపెట్టమని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు.

"అయితె నేను పెరుగన్నం తినొచ్చా?" జిలానీ చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"తినండి. ఇంట్లో తోడేసిందే, ఫ్రిజ్‌లో పెట్టకుండా. వచ్చేసారి రావాలి మీరు."

"వస్త. పెరుగన్నం తిన్నంక ఎందుకు రాను?"

షాలేమ్‌కు మాత్రం నవ్వు రాలేదు. అది ఆమెకు తెలియని మాట కాదు. ఈ ఊళ్లో సగం జీవితం గడిచింది. బోయిగూడ సందుల్లో 'సల్ల, సల్ల' అని అమ్ముకుంటూ పోయే మనిషి దగ్గర మజ్జిగ పోయించుకున్నది కూడా. అంత దూరం ఎందుకు, పొద్దున లేస్తే తాను వల్లించే సామెతలో చల్ల ఏమిటి మరి? చన్నీళ్ల కోసం వచ్చి ఎవరైనా ముంత దాచుకుంటారా? వాళ్లు సల్ల మానేసినం అన్నప్పుడల్లా చల్లటివి మానేశారని తాను విన్నది. తాను చల్లవొద్దు అన్నప్పుడల్లా మజ్జిగ వద్దన్నదని వాళ్లు విన్నారు. ఇటూ అటూ తలలు ఊపుకున్నారు.

భోజనాల గదిలో టిఫిన్ డబ్బా మూత తీసింది. టమాటా పప్పు. పక్కన చిన్న గిన్నెలో పెరుగు. మూత పెట్టేసింది.

పేతురు ఆఖరిసారి వచ్చినప్పుడు ఏమన్నాడో ఇప్పుడు ఒక్కొక్క మాటా గుర్తొచ్చింది. ఆయన జిలానీలా దాచుకోలేదు. నోరు తెరిచి చెప్పాడు. "సల్ల సుత బంద్ చేసిన సిస్టరమ్మా. అయినా గొంతు పట్టుకుంటున్నది." ఆమె దూది అదుముతూ, "మానేశారుగా, మంచిది. అలాగే ఉండండి, అదే తగ్గుతుంది" అంది. మనిషి ముంత ముందు పెట్టి అడిగాడు. ఆమే చూడలేదు. దాన్ని తలుచుకుంటే ఆమెకు సిగ్గనిపించింది. సిగ్గు కంటే భయం ఎక్కువగా వేసింది.

మధ్యాహ్నం నుంచి ఆమె మాట మారింది. "ఫ్రిజ్ నీళ్లు వద్దు, ఐసు వద్దు, కూల్‌డ్రింకు వద్దు, కుండ నీళ్లు కూడా వద్దు. మజ్జిగ తాగొచ్చు. ఇప్పుడు నేనేం చెప్పానో మీరు చెప్పండి." సూది తీయించుకున్న ప్రతి మనిషీ పాఠం అప్పజెప్పాల్సి వచ్చింది. ఒకాయన విసుక్కున్నాడు. అయినా అప్పజెప్పేదాకా దూది వదల్లేదు. సుకన్య పక్క నుంచి చూసి, "అక్కా, గిట్లయితే ఇంటికి పోయేసరికి తెల్లారుతది" అంది.

"తెల్లారనీ."

డ్యూటీ దిగాక జెఫ్రీకి ఫోను చేసింది. "బన్సీలాల్‌పేట్‌లో చిన్న పనుంది. ఆలస్యమవుతుంది."

"సరే. నేను బియ్యం కడిగి పెడతాను," అన్నాడు జెఫ్రీ. ఏం పని అని అడగలేదు. అడగకపోవడం ఆయన మంచితనం. కానీ ఆ సాయంత్రం అడిగితే బాగుండునని షాలేమ్‌కు అనిపించింది.

పేతురు ఇల్లు మెట్లబావి వెనక సందులోనని ఆయనే ఒకసారి చెప్పాడు. ఇస్త్రీ బండి ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. దారి పొడవునా ఆమె మాటలు కూడగట్టుకుంది. గొంతులో జబ్బు లేదు, అది చన్నీళ్ల పనే. సోమవారం వచ్చేయండి, డాక్టరుగారితో నేను మాట్లాడతాను. మధ్యలో ఆగిపోయినా ఏదో ఒక దారి ఉంటుంది. నడుస్తూ నడుస్తూ ఆ మాటలు తనకే నిజమనిపించి, అడుగు వేగమైంది. పిక్కలు లాగుతున్నా ఆగలేదు.

వేపచెట్టు నీడన బండి ఉంది. బొగ్గుల పెట్టెతో చొక్కా చేతులు రుద్దుతున్నది మాత్రం పేతురు కాదు, ఆయన భార్య మార్తమ్మ. షాలేమ్‌ను గుర్తుపట్టి పెట్టె నిలబెట్టింది.

"సిస్టరమ్మా! ఇట్లొచ్చినవేంది?"

"పేతురుగారు లేరా?"

"లేడమ్మా." మార్తమ్మ చొక్కా మడత పెట్టి దొంతర మీద ఉంచింది. "ఈస్టర్ ముందల మట్టలాదివారం గుడికి వచ్చిండు. నాతోటి నడిచే వచ్చిండు. మంగళారం తెల్లారి చూస్తె లేడు. లోపటికి రా, ఎండల నిలబడకు."

షాలేమ్ ఆమె వెనకే లోపలికి వెళ్లింది. ఒకే గది. గోడకు పేతురు ఫోటో. చొక్కా కాలరు కత్తిలా ఇస్త్రీ చేసి ఉంది. పక్కనే బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు. మార్తమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, ముందుకు స్టూలు జరిపి, ఫ్రిజ్ తెరిచి, ఒక పాత షర్బత్ సీసా తీసి గ్లాసులోకి నీళ్లు వంచి, సీసా స్టూలు మీద పెట్టింది.

"తాగమ్మా, సల్లగున్నయి. ఇది ఆయన సీసనే. బండి కాడ నిప్పుల ముందల నిలబడి నిలబడి వచ్చి, దీన్నెత్తి గటగట తాగుతుండె. వేరేటోళ్లను ముట్టనియ్యకపోతుండె. పోయిండని తెల్సు, అయినా పొద్దుగాల నింపుడు మానుతలేను."

షాలేమ్ గ్లాసు పట్టుకుంది. వేళ్లు చల్లబడ్డాయి.

"సూదుల టైంలో కూడా ఇవే తాగేవారా?"

"గివే. తాగితె గొంతు పిసికినట్టయితుండె పాపం. రోగం గొంతులకెక్కింది, ఇగ సూదులెందుకన్నడు. నేనెంత మొత్తుకున్నా వినలే." మార్తమ్మ కొంగుతో ఫోటో అద్దం తుడిచింది. "కానీ నీ మాట మాత్రం తప్పలే సిస్టరమ్మా. సల్ల ముట్టలే. సల్లంటే పాణం ఆయనకు. పోయే ముందురోజు అడిగిండు. పక్కింటామె ముంతల తెచ్చింది సుత. సిస్టరమ్మ వద్దన్నదని చెప్పి నేనే తిప్పి పంపిన. పోస్తె ఇంకింత తక్లీఫ్ అయితదేమోనని."

చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు. ప్రార్థన చేసి, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్తే మార్తమ్మ సంతోషంగా సాగనంపుతుంది. సూదులు పూర్తిచేసినా పేతురు బతికేవాడని ఎవరూ రాసివ్వలేరు. షాలేమ్ ఇవన్నీ ఆలోచించింది. ఆలోచిస్తూనే గ్లాసు కింద పెట్టింది.

"మార్తమ్మా, తప్పు నాది. నేను వద్దన్నది మజ్జిగ కాదు. చల్లగా ఉన్నవి. ఫ్రిజ్‌లో నీళ్లు. నేను సరిగా చెప్పలేదు. ఆయన గొంతులో జబ్బు లేదు. ఈ నీళ్ల వల్లే అలా అయింది."

మార్తమ్మ సీసా వైపు వేలు చూపింది.

"గీ నీళ్లా?"

"అవునమ్మా."

"అంటే... ఆనాడు సల్ల పోసినా ఏం కాకపోతుండెనా?"

షాలేమ్ అదీ చెప్పింది. "ఏమీ అయ్యేది కాదు."

మార్తమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఫోటో వైపు కూడా చూడలేదు. తిడితే తీసుకోవడానికి షాలేమ్ సిద్ధంగా కూర్చుంది. బయట ఎవరో, "ఇస్త్రీ అయిందా?" అని కేకేశారు. మార్తమ్మ ఒకసారి కొంగుతో ముఖం తుడుచుకుని, "అయింది, వస్తున్న" అంటూ లేచి వెళ్లింది. బండి మీద బొగ్గుల పెట్టె మళ్లీ కదిలిన చప్పుడు వినిపించింది.

స్టూలు మీద, మూత తీసిన సీసాకు నిండా చెమట పట్టింది. నీళ్లు బొట్లు బొట్లుగా జారి దాని అడుగున చెక్క మీద గుండ్రంగా తడి పరుచుకుంటోంది.